తప్పు సీసాదా, బతుకుదా: విక్టోరియా కాలపు మద్యం కార్టూన్ల వెనుక ఉన్న వాదం

1874లో న్యూయార్కులో అచ్చయిన ఒక బొమ్మ ఉంది. అందులో ఉక్కు కవచం తొడిగిన ఒక స్త్రీ గుర్రం మీద కూర్చుని, యుద్ధ గొడ్డలి ఎత్తి, సారా పీపాలను బద్దలు కొడుతూ ఉంటుంది. ఆమె వెనుక అలాంటి స్త్రీలే మరికొందరు. కింద ‘స్త్రీల పవిత్ర యుద్ధం’ అన్న పేరు. ఇంటర్నెట్‌లో ఈ బొమ్మ తరచూ తిరుగుతుంటుంది. కొందరు దాన్ని మద్యవ్యతిరేక ఉద్యమ స్త్రీలను ఎగతాళి చేసిన కార్టూనుగా పంచుకుంటారు, మరికొందరు వాళ్లను ఆకాశానికెత్తిన ప్రచార చిత్రంగా పంచుకుంటారు. నిజానికి దాన్ని అచ్చువేసిన కరియర్ అండ్ ఐవ్స్ సంస్థ ఇళ్లలో గోడలకు తగిలించుకునే బొమ్మలు అమ్మేది. ఆ బొమ్మలో గౌరవమే ఉంది. అయినా నూట యాభై ఏళ్ల తర్వాత చూసేవారికి నవ్వే వస్తోంది.

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 వరకు పాలించింది. ఆ కాలంలో మద్యం మీద, మద్యాన్ని వ్యతిరేకించినవారి మీద వచ్చిన బొమ్మలన్నిటిలోనూ ఈ తికమక ఉంటుంది. మద్యాన్ని తిట్టిన బొమ్మను ఉద్యమాన్ని తిట్టినట్టుగా, ఉద్యమాన్ని తిట్టిన బొమ్మను తాగుబోతుల్ని వెనకేసుకొచ్చినట్టుగా చదివేస్తుంటాం. దీన్ని విడదీయాలంటే ముందు ఉద్యమంలోని పాయలను విడదీయాలి.

ఒకే పేరు, మూడు వాదాలు

ఈ ఉద్యమానికి ఇంగ్లీషులో ‘టెంపరెన్స్’ అని పేరు. ఆ మాటకు మొదటి అర్థం మితం. 1830 ప్రాంతంలో బ్రిటన్‌లో మొదలైన సంఘాలు అడిగింది కూడా మితమే. జిన్, బ్రాందీ, విస్కీ లాంటి బట్టీ సారాలు మానండి, భోజనంతో పాటు బీరు తాగితే తప్పులేదు అన్నారు. ఆనాటి ఇంగ్లండులో బీరును మత్తుపదార్థం కంటే ఆహారంగానే ఎక్కువగా చూసేవారు. పొలం పనివాళ్లకు కూలిలో భాగంగా ఇచ్చేవారు, పిల్లలకూ పలచటి బీరు పోసేవారు.

రెండో పాయ లాంకషైర్‌లోని ప్రెస్టన్ పట్టణంలో పుట్టింది. జోసెఫ్ లివ్‌సీ అక్కడ జున్ను వ్యాపారి. 1832 సెప్టెంబరు 1న ఆయనతో కలిపి ఏడుగురు ఒక ప్రతిజ్ఞ మీద సంతకం చేశారు. మందుగా తప్ప బీరు, వైన్, సారా ఏదీ ముట్టబోమన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది అదే ఊళ్లో రిచర్డ్ టర్నర్ అనే కార్మికుడు ఒక సభలో మాట్లాడుతూ ‘టోటల్’ అనే మాటను ‘టీటోటల్’ అని పలికాడు. నత్తి వల్ల అలా అన్నాడని కొందరు, నొక్కి చెప్పడానికి మొదటి అక్షరాన్ని రెట్టించాడని కొందరు చెబుతారు. మాట మాత్రం నిలిచిపోయింది. ఆయన సమాధి రాయి మీద కూడా ఆ మాట పుట్టించినవాడని చెక్కారు. ఆ పదానికీ తేనీటికీ సంబంధం లేదు. కానీ ప్రెస్టన్ వాళ్లు పెద్ద పెద్ద తేనీటి విందులు పెట్టి జనాన్ని పోగుచేసేవారు కాబట్టి కెటిలూ, కప్పూ వాళ్ల గుర్తులైపోయాయి.

మూడో పాయ చట్టం కోరింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 1851లో మద్యం అమ్మకాన్ని నిషేధించింది. దాన్ని చూసి 1853లో మాంచెస్టర్‌లో ‘యునైటెడ్ కింగ్‌డమ్ అలయన్స్’ ఏర్పడింది. మనిషిని మార్చడం తర్వాత, ముందు దుకాణం మూయించండి అన్నది వీళ్ల పట్టు.

ఈ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. బీరు తాగే మితవాదిని సంపూర్ణ వర్జనవాది కపటి అనేవాడు. లివ్‌సీ లాంటి పాతకాపులకు చట్టం మీద గురి తక్కువ, ఒప్పించడం మీదే నమ్మకం. కాబట్టి ‘ఉద్యమం మీద కార్టూను’ అనగానే ఏ పాయ మీద అన్నది ముందు తేల్చుకోవాలి. ప్రతిజ్ఞను వేళాకోళం చేసిన బొమ్మ వేరు, నిషేధ బిల్లును వేళాకోళం చేసిన బొమ్మ వేరు.

‘కార్టూను’ అన్న మాటకు కూడా ఆనాటికి ఇప్పటి అర్థం లేదు. పెద్ద గోడచిత్రానికి ముందు కాగితం మీద గీసుకునే నమూనాను అలా పిలిచేవారు. 1843లో పార్లమెంటు కొత్త భవనాల కోసం గీసిన అలాంటి నమూనాలను వెస్ట్‌మినిస్టర్ హాలులో ప్రదర్శనకు పెట్టారు. జనం ఆకలితో ఉంటే గోడలకు చరిత్ర చిత్రాలా అని ‘పంచ్’ అనే వ్యంగ్య వారపత్రిక మండిపడింది. ఆ ప్రదర్శన చూడటానికి వచ్చిన చింకిబట్టల పేదలను చిత్రకారుడు జాన్ లీచ్ చేత గీయించి, దానికి ‘కార్టూన్ నంబర్ 1’ అని పేరు పెట్టింది. ఇప్పుడు మనం వాడే అర్థం అక్కడి నుంచే వచ్చింది.

బీరు వీధి, జిన్ సందు

ఈ బొమ్మలన్నిటికీ తాత విక్టోరియా కంటే దాదాపు శతాబ్దం ముందటివాడు. విలియం హోగార్త్ 1751లో ఒక జంట చిత్రాలు అచ్చువేశాడు. ‘జిన్ సందు’లో తాగిన తల్లి చేతుల్లోంచి బిడ్డ మెట్ల మీది నుంచి జారి కిందకు పడిపోతుంటాడు, ఆమెకు తెలియదు. ‘బీరు వీధి’లో మాత్రం అందరూ బొద్దుగా, ఎర్రగా, సంతోషంగా ఉంటారు. ఆ వీధిలో దివాలా తీసినవాడు తాకట్టు వ్యాపారి ఒక్కడే.

ఈ లెక్క ప్రకారం జిన్ విషం, బీరు దేశభక్తి. ప్రభుత్వం కూడా దీన్ని నమ్మింది. 1830 బీరు చట్టం ప్రకారం పన్ను కట్టే ఏ గృహస్థు అయినా రెండు గినీలు చెల్లించి ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు. బీరు చవకైతే జిన్ వదిలేస్తారని ఆశ. నెలల్లోనే వేల కొద్దీ బీరు కొట్లు పుట్టుకొచ్చాయి. జిన్ అమ్మేవాళ్లు పోటీగా గ్యాసు దీపాలు, నిలువెత్తు అద్దాలు, పాలిష్ చేసిన కలపతో ‘జిన్ ప్యాలెస్’లు కట్టారు. పక్కనే చీకటి గదుల్లో బతికేవారికి ఆ ఒక్క గుమ్మంలోనే వెలుతురు ఉండేది. ప్రెస్టన్ వాళ్లు బీరును కూడా ఎందుకు వదలమన్నారో ఈ నేపథ్యం తెలిస్తే అర్థమవుతుంది. బీరు చట్టం ఫలితాన్ని వాళ్లు తమ వీధుల్లోనే చూశారు.

క్రుక్‌షాంక్: ముల్లూ ఆయనే, మందూ ఆయనే

ఈ కథలో మధ్యన నిలబడ్డ మనిషి జార్జ్ క్రుక్‌షాంక్. 1792లో పుట్టాడు. తండ్రి ఐజాక్ కూడా వ్యంగ్య చిత్రకారుడే. తాగుడు పందెంలో ప్రాణం పోగొట్టుకున్నాడని చెబుతారు. జార్జ్ కూడా యవ్వనంలో పీకలదాకా తాగినవాడే. ఆయన గీతలో కోపం ఎక్కడిదో ఈ రెండు సంగతులూ చెబుతాయి.

1829లో ఆయన గీసిన ‘జిన్ కొట్టు’ చూడండి. కొట్టులో నిలబడి తాగుతున్న కుటుంబం చుట్టూ నేల మీద పళ్లున్న పెద్ద ఇనుప బోను తెరిచి ఉంటుంది. ఇంగ్లీషులో ‘జిన్’ అంటే సారా అనే కాక జంతువులను పట్టే బోను అని కూడా అర్థం. పీపాలు శవపేటికల ఆకారంలో ఉంటాయి. సారా పోస్తున్న అమ్మాయి ముఖం ముసుగు, లోపల అస్థిపంజరం. కాపలావాడి వేషంలో మృత్యువు పక్కనే ఎదురుచూస్తుంటాడు. వీళ్ల ఆఖరి గ్లాసు దగ్గరపడిందన్నది అతని లెక్క. ఇందులో తాగేవాళ్లు వికారంగా ఉన్నా, వేటగాడు మాత్రం కొట్టువాడు.

1830ల మధ్యలో వచ్చిన మరో బొమ్మ మనకు నేరుగా తగులుతుంది. దాని పేరు ‘జిన్ జగర్నాథ్’. జిన్ పీపాలతో, సీసాలతో నిర్మించిన ఒక మహా విగ్రహం బండిలా దొర్లుకుంటూ వస్తుంటే జనం మొక్కుతూ దాని కింద పడి నలిగిపోతుంటారు. ఆ పేరు పూరీ జగన్నాథుడిది. రథచక్రాల కింద భక్తులు కావాలని పడి చస్తారన్న కథను పాశ్చాత్య యాత్రికులు, వాళ్ల తర్వాత మిషనరీలు ఐరోపాలో ప్రచారం చేశారు. 1806లో పూరీ వెళ్లిన క్లాడియస్ బుకానన్ రాతలు దానికి బాగా ఊపునిచ్చాయి. లక్షల జనం తొక్కిసలాటలో జరిగే ప్రమాదాలను, ఎప్పుడో ఒకసారి జరిగిన ఆత్మాహుతులను మతాచారంగా చూపించారు. అలా రథయాత్ర దేవుడి పేరు ఇంగ్లీషులో అడ్డొచ్చినదాన్నల్లా నలిపేసే బండశక్తికి పర్యాయపదమైంది.

ఉపశీర్షికలో ఇంకో శ్లేష ఉంది. ఈ యుగపు మహా ‘స్పిరిట్’ ఆరాధన అంటాడు. ఆ మాటకు సారా అనీ అర్థమే, ఆత్మ అనీ అర్థమే. మీరు వెక్కిరించే ‘అనాగరిక’ పూజ లండన్ నడిబొడ్డున మీరే చేస్తున్నారు కదా అన్నది ఆయన ఎత్తిపొడుపు. తన వాళ్లను నిలదీయడానికి ఆయనకు దొరికిన ఆయుధం మాత్రం మన దేవుడి మీద అల్లిన అబద్ధం. జగన్నాథుడి రథం లాగిన చేతులు గల తెలుగువారు ఆ బొమ్మను చూసేటప్పుడు ఈ రెండు సంగతులూ కలిపే చూడాలి. ఒకటి చూసి ఒకటి వదిలేస్తే బొమ్మ సగమే అర్థమవుతుంది.

ఎనిమిది బొమ్మల్లో ఒక ఇల్లు

1847లో క్రుక్‌షాంక్ ‘సీసా’ అనే ఎనిమిది చిత్రాల వరుస తెచ్చాడు. ఖరీదైన రాగిరేకు చెక్కడం వదిలి, చవకగా వేల ప్రతులు తీయగలిగే గ్లిఫోగ్రఫీ పద్ధతి వాడాడు. మొత్తం వరుస ధర ఒక షిల్లింగు. వేలకు వేలు అమ్ముడుపోయింది. కొద్ది వారాల్లోనే లండన్ రంగస్థలం మీద నాటకాలుగా కూడా వచ్చింది.

కథ ఇలా నడుస్తుంది. మొదటి బొమ్మలో శుభ్రమైన గది, వెలుగుతున్న పొయ్యి, భోజనం ముగించిన కుటుంబం, ఆడుకుంటున్న పిల్లి. భర్త సీసా తీసి ఒక్క చుక్క తీసుకోమని భార్యను బతిమాలుతుంటాడు. రెండో బొమ్మకి ఉద్యోగం పోయింది, బట్టలు తాకట్టుకు వెళుతున్నాయి. మూడులో జప్తు, సామాన్లు మోసుకుపోతున్నారు. నాలుగులో వీధిలో ముష్టి. ఐదులో చలికీ ఆకలికీ చిన్నబిడ్డ చనిపోయింది. ఆరులో కొట్లాట. ఏడులో భర్త అదే సీసాతో భార్యను చంపేస్తాడు. ఎనిమిదిలో అతను పిచ్చాసుపత్రిలో ఉంటాడు. కొడుకూ కూతురూ వీధుల పాలై, అతన్ని చూడటానికి వస్తారు. మరుసటి ఏడాది వచ్చిన ‘తాగుబోతు పిల్లలు’ వరుసలో కొడుకు ఖైదీల ఓడలో చనిపోతాడు, కూతురు వంతెన మీది నుంచి నదిలోకి దూకుతుంది.

ఈ వరుస బలం దాని గదిలో ఉంది. మొదటి మూడు బొమ్మల్లో గది అదే, గోడలు అవే. ఒక్కొక్క వస్తువే మాయమవుతుంటుంది. చదువురాని కార్మికుడు కూడా ముందు బొమ్మనూ తర్వాతి బొమ్మనూ పక్కపక్కన పెట్టుకుని ఏం పోయిందో లెక్కపెట్టగలడు. హోగార్త్ వీధిని చూపిస్తే క్రుక్‌షాంక్ ఇంటి లోపలికి తీసుకెళ్లాడు. ఇందులో హాస్యం దాదాపు లేదు. అయినా వ్యంగ్యచిత్రాల సంప్రదాయంలోనే దీన్ని లెక్కిస్తారు. చేతివాటం, గుర్తులు, అతిశయం అన్నీ అక్కడివే.

బొమ్మలు పూర్తయ్యాక క్రుక్‌షాంక్ వాటిని జాతీయ టెంపరెన్స్ సంఘం అధ్యక్షుడు విలియం క్యాష్‌కు చూపించాడట. ఇవి గీసిన మీరు ఇంకా ఎలా తాగుతున్నారని ఆయన అడిగాడట. ఆ ఏడాదే క్రుక్‌షాంక్ మద్యం మానేశాడు. 1878లో చనిపోయేదాకా ముట్టుకోలేదు.

డికెన్స్ అభ్యంతరం

‘సీసా’ను గట్టిగా ప్రశ్నించినవాడు క్రుక్‌షాంక్ పాత మిత్రుడే. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తొలి స్కెచ్‌లకు బొమ్మలు వేసింది క్రుక్‌షాంకే. 1836లో పుస్తకంగా వచ్చిన ఆ స్కెచ్‌లలో జిన్ కొట్ల మీద ఒకటుంది. ఇంగ్లండులో జిన్ తాగడం పెద్ద దురాచారమే కానీ, దరిద్రమూ మురికీ అంతకంటే పెద్దవని, పేదల ఇళ్లు బాగుచేయనిదే జిన్ కొట్లు తగ్గవని డికెన్స్ అందులోనే రాశాడు. పదేళ్ల తర్వాత రాబోయే తగాదా విత్తనం ఆ పుస్తకంలోనే ఉందన్నమాట.

‘సీసా’ వచ్చాక డికెన్స్ దాని శక్తిని మెచ్చుకున్నాడు, మొదలును మాత్రం తప్పుపట్టాడు. సుఖంగా ఉన్న ఇంట్లోకి సీసా ఊరకే రాదు. కథ దుఃఖంతోనో, పేదరికంతోనో, అజ్ఞానంతోనో మొదలవ్వాలి అన్నది ఆయన అభిప్రాయం. 1848లో ‘తాగుబోతు పిల్లలు’ మీద రాస్తూ ఆ జాబితాను ఇంకా పెంచాడు. దుర్గంధం, ఉండలేని కొంపలు, పనిచేసే చోట దురలవాట్లు, గాలీ వెలుతురూ నీళ్లూ లేకపోవడం, ఇవన్నీ తాగుడుకు కారణాలన్నాడు. హోగార్త్ ‘జిన్ సందు’లో కూలిపోతున్న ఇళ్లను, నిర్లక్ష్యాన్ని కూడా చూపించాడు కదా అని గుర్తుచేశాడు.

ఇప్పుడు క్రుక్‌షాంక్ పక్షం కూడా వినాలి. ఆయన కావాలనే మంచి ఇంటిని ఎంచుకున్నాడు. పేదరికం వల్లే తాగారని ఎవరూ తప్పించుకోకూడదని ఆయన పట్టుదల. ప్రతిజ్ఞ తీసుకున్న వేలాది కార్మికులకు ఆ కథ అబద్ధంగా అనిపించలేదు. జీతం బాగానే వస్తున్నా శనివారం రాత్రికి ఖాళీ అయ్యే ఇళ్లను వాళ్లు ఎరుగుదురు, అందులో కొన్ని వాళ్లవే. లివ్‌సీ, టర్నర్ వంటివారు భవంతుల్లోంచి దిగొచ్చి నీతులు చెప్పినవాళ్లు కారు. ఓటు హక్కు కోసం పోరాడిన చార్టిస్టుల్లో కూడా మద్యం మానినవాళ్లు చాలామంది ఉన్నారు. మనసు తేటగా ఉంచుకోవడం వాళ్లకు పోరాటంలో భాగం.

వాస్తవం ఈ రెండు వాదాల కంటే చిక్కుగా ఉంది. ఒక్క ఉదాహరణ చాలు. చాలాచోట్ల కూలీలకు జీతాలు పానశాలలోనే పంచేవారు. కూలిడబ్బు చేతికందాలంటే అక్కడ కూర్చోవాలి, కూర్చుంటే తాగాలి. గనుల విషయంలో 1842లో, మిగతా శారీరక శ్రమ చేసేవారి విషయంలో 1883లో దీన్ని చట్టం నిషేధించింది. అలా ఖాళీ జేబుతో ఇంటికొచ్చిన మనిషిది బలహీనతా, యజమాని ఏర్పాటు చేసిన ఉచ్చా? రెండూ కలిసిన చోటును చూపించే బొమ్మలు తక్కువ. డికెన్స్ వైపే నాకు మొగ్గు ఎక్కువ. కానీ తాగి వచ్చే భర్త కోసం గుమ్మంలో నిలబడ్డ స్త్రీకి గాలీ వెలుతురూ గురించిన వాదం ఆ రాత్రికి ఏమీ ఇవ్వదన్నది కూడా నిజమే.

వీళ్లిద్దరి స్నేహం 1853లో మరింత చెడింది. క్రుక్‌షాంక్ పిల్లల జానపద కథలను తిరగరాసి, అందులోకి మద్యవర్జన బోధను చొప్పించాడు.  ఇది కథలకు ద్రోహమని డికెన్స్ తన పత్రికలో వ్యాసమే రాశాడు. అయినా క్రుక్‌షాంక్ మరుసటి ఏడాది సిండరెల్లా పెళ్లిలో వైన్ ఫౌంటెన్లు పెట్టకుండా ఆపించాడు.

నీళ్ల గ్లాసు ఎందుకు నవ్వు పుట్టించేది

ఆనాటి ఎగతాళి బొమ్మల్లో మద్యవర్జకుడికి కొన్ని స్థిరమైన గుర్తులున్నాయి. చేతిపంపు, నీళ్ల గ్లాసు, గొడుగు, కెటిల్, నల్లకోటు, సన్నటి పొడుగాటి మనిషి. 1870ల చివరి నుంచి కోటుకు నీలిరంగు రిబ్బను కూడా చేరింది. అప్పుడు మొదలైన ఒక ప్రచార సైన్యపు బిళ్ల అది. కపట బోధకుడికైతే ఎర్రముక్కు అదనం. డికెన్స్ తన తొలి నవలలో సృష్టించిన ఎర్రముక్కు బోధకుడు స్టిగ్గిన్స్, మద్యవర్జన సభకు తాగొచ్చే ఆ మనిషి, ఈ వేషానికి అందరికీ తెలిసిన నమూనా.

వీటిలో నీళ్ల గ్లాసు ఇవాళ మనకు అమాయకంగా కనిపిస్తుంది. ఆనాటి లండన్ వాసికి అలా కనిపించేది కాదు. మురుగు కలిసే థేమ్స్ నది నుంచే కొన్ని కంపెనీలు తాగునీరు పంపేవి. 1850లో ‘పంచ్’ ఒక లండన్ నీటి బొట్టును భూతద్దంలో చూపి, అందులో వికారపు ఆకారాలను ఈదించింది. 1852లో జాన్ లీచ్ ‘కలరా రాజు దర్బారు’ గీశాడు. కిక్కిరిసిన మురికివాడే ఆ రాజుకు కొలువుకూటం. నీళ్లు తాగండి అన్న బోధ ఇలాంటి ఊళ్లో ప్రాణాపాయ సలహాలా వినిపించేది.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా చెలరేగినప్పుడు వైద్యుడు జాన్ స్నో ఆ వీధి పంపు నీటినే కారణంగా గుర్తించాడు. ఆ వీధిలోని బ్రూవరీ పనివాళ్లు దాదాపు సురక్షితంగా ఉన్నారని కూడా గమనించాడు. వాళ్లకు బీరు ఉచితంగా దొరికేది, బ్రూవరీకి సొంత బావి ఉండేది, పంపు నీళ్ల జోలికి పోయేవారు కారు. ఈ స్నో యవ్వనం నుంచే మద్యం ముట్టని ప్రతిజ్ఞాపరుడు. నీళ్లు చంపుతున్నాయని రుజువు చేసినవాడే నీళ్లు తాగేవాడు. మంచి నీళ్లు లేకుండా మద్యవర్జన అడగడం అన్యాయమని ఉద్యమం కూడా గ్రహించింది. 1859లో లండన్ హోబోర్న్ దగ్గర మొదటి ఉచిత తాగునీటి ఫౌంటెన్ తెరిచినప్పుడు ఉద్యమకారులు దాన్ని తమ గెలుపుగానే భావించారు.

దీన్ని ఒక ఊహా చిత్రానికి అన్వయించి చూద్దాం. పంపు ఆకారంలో ఒక పెద్దమనిషి. ఆయన అందిస్తున్న గ్లాసులో నల్లటి నీళ్లు. ఎదురుగా బీరు మగ్గు పట్టుకుని నోరు తెరిచి చూస్తున్న కూలి. ఇవాళ్టి చూపుకు ఇది తాగుడును సమర్థించే బొమ్మ. 1850 నాటి చూపుకు గురి నీళ్ల కంపెనీ కూడా. కూలి మగ్గు వదలకపోవడానికి బొమ్మ ఒక కారణం చెబుతోంది. అదే బొమ్మ 1880లో వస్తే గ్లాసులోని నీళ్లు తేటగా ఉంటాయి, పెద్దమనిషి చేతిలో ఒక బిల్లు ఉంటుంది. అప్పుడు గురి చట్టం.

క్లబ్బు తెరిచే ఉంది, కొట్టు మూసేశారు

వ్యంగ్యచిత్రకారులకు ఎక్కువగా దొరికింది వర్గభేదం. 1833లో, తాను ఇంకా తాగుతున్న రోజుల్లో, క్రుక్‌షాంక్ ‘లండన్‌లో ఆదివారం’ అన్న పుస్తకానికి బొమ్మలు వేశాడు. ఆదివారం దుకాణాలు మూయించాలన్న బిల్లు మీద దెబ్బ అది. ధనికుడి ఆదివారం విందుతో గడుస్తుంది; ఆంక్షలు పేదవాడి ఆదివారానికే.

1854లో ఒక చట్టం ఆదివారం పానశాలల వేళలను కుదించింది. మరుసటి ఏడాది ఆదివారం వ్యాపారం మీద మరో బిల్లు రాగానే హైడ్ పార్కులో వేలమంది పోగై, బగ్గీల్లో షికారు చేస్తున్న ప్రభువులను ‘చర్చికి వెళ్లండి’ అంటూ కేకలతో తరిమారు. బిల్లు వెనక్కి పోయింది, ముందటి చట్టాన్ని కూడా సడలించారు. క్లబ్బుల్లో వైన్ తాగేవాడు వీధి పానశాలకు తాళం వేయిస్తున్నాడన్న ఫిర్యాదులో సత్తా ఉంది కాబట్టే కార్టూన్లలో అది మళ్లీ మళ్లీ వచ్చింది.

అయితే ఆ బొమ్మలు గీసినవారు ఎక్కడ కూర్చుని గీశారో కూడా చూడాలి. ‘పంచ్’ మొదటి సంపాదకుల్లో ఒకడైన మార్క్ లెమన్ అంతకుముందు లండన్‌లో పానశాల నడిపినవాడు. ప్రతి వారం ఆ పత్రిక బృందం విందు బల్ల చుట్టూ, గ్లాసుల మధ్య కూర్చునే తర్వాతి సంచిక పెద్ద కార్టూనును నిర్ణయించేది. తాగి పడిపోయిన పేదవాణ్ని ‘పంచ్’ అసహ్యించుకుంది, పూర్తిగా మానమన్నవాణ్ని చూసి నవ్వింది. మర్యాదగా తాగే మధ్యతరగతి మగవాడి చోటు మాత్రం ఎప్పుడూ పదిలం. పేదల పక్షాన నిలబడ్డట్టు కనిపించే ప్రతి ‘పంచ్’ బొమ్మనూ పేదల గొంతుగా తీసుకోకూడదని నా నమ్మకం.

1860ల నుంచి వేడి పార్లమెంటుకు పాకింది. కార్లైల్ సభ్యుడు సర్ విల్‌ఫ్రిడ్ లాసన్ 1864లో ఒక బిల్లు తెచ్చాడు. ఒక ప్రాంతంలో పన్ను కట్టేవారిలో మూడింట రెండువంతుల మంది కోరితే అక్కడ మద్యం అమ్మకం ఆపవచ్చన్నది అందులో ప్రధానాంశం. ఏళ్ల తరబడి అది ఓడిపోతూ వచ్చింది. లాసన్ సభలో నవ్వించగల దిట్ట కావడంతో కార్టూనిస్టులకు ఆయన ఇష్టమైన మనిషయ్యాడు. 1880లో స్థానికుల నిర్ణయ హక్కు మీద ఆయన తీర్మానం నెగ్గింది. 1872లో ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం పానశాలల వేళలను నియంత్రిస్తూ చట్టం చేసింది. ఇంగ్లండు బలవంతంగా మత్తు వదలడం కంటే స్వేచ్ఛగా ఉండటమే మేలని పీటర్‌బరో బిషప్ మాగీ ప్రభువుల సభలో వాదించింది అప్పుడే. 1874 ఎన్నికల్లో ఓడిన గ్లాడ్‌స్టన్, జిన్ బీరుల వరదలో కొట్టుకుపోయామని సోదరుడికి రాశాడు. ఆ ఓటమికి ఇతర కారణాలూ ఉన్నాయని చరిత్రకారులు వాదిస్తారు కానీ, ఆ వరద రూపకం కార్టూన్ల భాషలోంచి వచ్చినట్టే ఉంటుంది.

ఈ పోరు మన దాకా కూడా వచ్చింది. 1888లో లండన్‌లో ఆంగ్లో ఇండియన్ టెంపరెన్స్ సంఘం ఏర్పడింది. ఎంపీ డబ్ల్యు.ఎస్. కేన్ భారతదేశంలో పర్యటించి, కల్లు, సారాల మీద వచ్చే అబ్కారీ రాబడి కోసం బ్రిటిష్ ప్రభుత్వమే తాగుడును పెంచుతోందని విమర్శించాడు. ఆ సంఘం పత్రిక పేరే ‘అబ్కారీ’.

బొమ్మల్లో స్త్రీలు

బ్రిటిష్ బొమ్మల్లో స్త్రీ ఎక్కువగా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి దెబ్బలు తినే ఇల్లాలు, రెండోది బిడ్డను వదిలేసిన తాగుబోతు తల్లి. ఆమె చేతికి ఆయుధం వచ్చింది అమెరికాలో. 1846లో నథానియల్ కరియర్ అచ్చువేసిన ‘తాగుబోతు ప్రస్థానం’లో ఒక కమాను మీద తొమ్మిది మెట్లుంటాయి. స్నేహితుడితో ఒక గ్లాసుతో మొదలై ఆత్మహత్యతో ముగుస్తాయి. కమాను కింద బిడ్డతో ఏడుస్తూ నడిచివెళ్లే స్త్రీ. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కరియర్ పేరున్న ఆ సంస్థే కవచం తొడిగిన స్త్రీని గుర్రమెక్కించింది. మధ్యలో జరిగింది ఇది: 1873 డిసెంబరులో ఒహాయోలోని హిల్స్‌బరోలో స్త్రీలు సారాకొట్ల ముందు గుంపుగా నిలబడి ప్రార్థనలు చేయడం మొదలుపెట్టారు. అది ఊరూరికీ పాకి 1874లో జాతీయ స్త్రీల సంఘంగా మారింది. ఆ స్త్రీలు వాడింది పాటలూ ప్రార్థనలే. కవచం, గొడ్డలి చిత్రకారుడి కల్పన. నిజంగా గొడ్డలి పట్టిన క్యారీ నేషన్ క్యాన్సస్‌లో 1900లో వార్తల్లోకి వచ్చేసరికి ఆ కల్పన ఆమెకు సరిగ్గా అతికింది, కార్టూనిస్టులు ఆమెను గొడ్డలి లేకుండా గీయడమే మానేశారు.

ఓటు లేని స్త్రీలు వీధిలోకి వచ్చి ప్రశ్నించడం మీద ఉన్న భయమే ఆ కార్టూన్లలో సగం. మద్యం కేవలం సాకు.

బొమ్మలు ఎవరినైనా మార్చాయా

బ్రిటన్‌లో తలసరి మద్య వినియోగం 1870ల మధ్యలో శిఖరానికి చేరి, తర్వాత తగ్గడం మొదలైంది. ఉద్యమం తన కృషి అంది. 1847లో లీడ్స్‌లో మొదలైన ‘బ్యాండ్ ఆఫ్ హోప్’ పిల్లలకు ప్రతిజ్ఞలు చేయించి, దీపపు పెట్టెతో తెర మీద బొమ్మలు చూపించి ఒక తరాన్ని పెంచింది కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. ఇంకో వివరణ ప్రకారం, కూలివాడి డబ్బుకు వేరే దారులు దొరికాయి. చవక తేయాకు, రైల్లో సముద్రతీరానికి విహారం, ఫుట్‌బాల్, సంగీతశాలలు, అన్నిటికంటే ముందు కాస్త మంచి ఇల్లు, నమ్మదగిన నీళ్లు. ఇది డికెన్స్ వాదానికి దగ్గర.

క్రుక్‌షాంక్ స్వయంగా ఎక్కడికి చేరాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1860 నుంచి రెండేళ్లు శ్రమపడి ఆయన ‘బాకస్ ఆరాధన’ అనే తైలవర్ణ చిత్రం పూర్తిచేశాడు. వెడల్పు 13 అడుగుల పైమాట, ఎత్తు దాదాపు ఎనిమిది. అందులో వందలాది మనుషులున్నారు. మధ్యలో పీపాల మీద మద్యదేవుడి విగ్రహం. ప్రదర్శనకు ఆశించినంత జనం రాలేదు. రాణి మాత్రం విండ్సర్‌కు తెప్పించుకుని చూసింది. ఇప్పుడది లండన్ టేట్ సంగ్రహాలయానిది.

దాని దగ్గరగా నిలబడితే మొదట కనబడేది తాగుబోతు కాదు. ముందువరసలో ఉన్నది పెళ్లి విందు, బిడ్డ నామకరణం, మతాచార్యుడు, సైనికాధికారులు, మర్యాదస్తుల చేతుల్లో ఎత్తిన గ్లాసులు. బట్టీలు, జైలు, నిరుపేదల వర్క్‌హౌస్, పిచ్చాసుపత్రి వెనక వరసలో, పొగలో చిన్నగా ఉంటాయి. పదిహేనేళ్ల ముందు ఒక కార్మికుడి ఇంటి బల్ల మీద పెట్టిన సీసాను క్రుక్‌షాంక్ ఇక్కడ దొరల బల్ల మీదికి మార్చాడు.